పసుపంటిన సభ్యుడు

ఆర్మూరు పసుపు మార్కెట్లో హమాలీ ఎంకటి ఎంత పచ్చగా ఉండేవాడంటే, కరెంటు పోయిన పూట అతని ఇంట్లో దీపం పెట్టేవారు కాదు. నమ్మనివాళ్లు నమ్మకండి, దీపంలో నూనె మిగిలిన మాట మాత్రం నిజం. పదిహేనేళ్లు బస్తాలు మోసీ మోసీ పసుపు అతని తోలు దాటి లోపలికి పోయింది. దోమ కుట్టబోయి తుమ్ముకుంటూ వెనక్కి పోయేది. వానలో తడిస్తే వీధి మోరీ పక్క ఊరు పెర్కిట్ దాకా పచ్చగా పారేది. ఒకసారి కాలికి మేకు గుచ్చుకుని దవాఖానకు పోతే కాలు చూసిన నాథుడు లేడు. ముఖం చూసి కామెర్లని మూడు రోజులు పండబెట్టి చెరుకు రసం తాగించారు. కాలు దానంతట అదే మానింది.

ఈ రంగుతో అతనికి ఏ చిక్కూ ఉండేదే కాదు, రెండువేల ఆరులో చర్చిలో నిండు సభ్యుడు కావలసి రాకపోతే.

ఎంకటి బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది. భార్య సువార్త పుట్టుకతోనే చర్చి మనిషి. నెలకొకసారి పాస్టరయ్య ప్రభువు బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం ఉంచి ప్రార్థన చేసి సంఘానికి పంచేవాడు. ఆ బల్లలో పాలు పొందినవాడే నిండు సభ్యుడు. పళ్లెం ఆడవాళ్ల వైపు సువార్త దగ్గర ఆగేది. మగవాళ్ల వైపు ఎంకటి దాకా వచ్చి, అతన్ని దాటుకుని పక్కవాడి దగ్గర ఆగేది. రొట్టె ముక్క చూస్తే గోరంత ఉండేది. ఇంట్లో ఎంకటి తినే జొన్నరొట్టె బండి చక్రమంత. అయినా ఆ గోరంత కోసమే అతని ప్రాణం కొట్టుకునేది. సువార్త కూడా ఊరుకునే రకం కాదు. "గా రొట్టె తినేదాంక నువ్వు నాకు సగం మొగనివే," అనేది. ఏ సగమో మాత్రం చెప్పేది కాదు.

ఈసారి ఈస్టరుకు నిన్ను బల్లకు తీసుకుంటామని పాస్టరయ్య మాట ఇచ్చాడు. అయితే పేరు రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరేమో సంఘపెద్ద దయానంద్ సార్ చంకలో ఉంది.

దయానంద్ సార్ పోచంపాడ్ డ్యాము ఆఫీసులో రోజూ నీటి మట్టం రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గోదావరినే ముప్పై ఏళ్లు కొలిచినవాడికి మనుషులొక లెక్కా? తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని సంఘస్తుల యోగ్యత కొలవడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు. తాను పెట్టుకున్న నియమం తానే తప్పితే ఆ పూట అన్నం మానేసే మనిషి. ఈస్టరు మూడు వారాలుందనగా ఆయన రిజిస్టరు విప్పి కొత్త నియమం చదివాడు. సంఘ సభ్యుడు యోగ్యముగా నడుచుకొనవలెను, ఒంటి మీద పసుపు కుంకుమలు ఉండరాదు, ఉన్న సభ్యునికి చర్చి లోపలికి ప్రవేశము లేదు. పాత మొక్కులు వదలలేని ఒకరిద్దరి కోసం రాసిన నియమమది. చదివి తల ఎత్తేసరికి ఎదురుగా చాప మీద ఎంకటి కూర్చుని ఉన్నాడు. నియమానికి మనిషి దొరికాడు.

"గిది మొక్కుల పసుపు గాదు సార్, బస్తాల పసుపు," అన్నాడు ఎంకటి.

"పసుపుకు గా తేడా తెల్వదు ఎంకటీ. రిజిస్టర్ల పసుపు అనే ఉన్నది," అన్నాడు సార్. తెల్లగా వస్తే పేరు ఎక్కిస్తాననీ, లేకపోతే మళ్లీ ఏడాది చూద్దామనీ చెప్పి మూత పెట్టాడు, పెన్నుకు.

మరునాడు మార్కెట్లో ఈ సంగతి విని తోటి హమాలీ లింగన్న బస్తా దించుకుని మరీ నవ్వాడు. "మార్కెట్ల పచ్చగుంటె రేటు, మీ చర్చిల పచ్చగుంటె గేటు," అన్నాడు. కొనేవాళ్లు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు గానీ పైన చూడరని, మీ సారును ఒక పూట కాంటా దగ్గరికి పంపితే నేర్పి పంపుతామని కూడా అన్నాడు. ఎంకటికి నవ్వు రాలేదు. పని మానుకుని ఇంటికి పోయి స్నానానికి కూర్చున్నాడు.

సువార్త బట్టల సోడా నీళ్లలో కలిపి పీచుతో వీపు తోమింది. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సోడా పడినా అంతే అవుతుందని ఆ మొగుడూ పెళ్లాలకు తట్టలేదు. నాలుగు చెంబులు పోసేసరికి ఎంకటి మెడ నుంచి మోకాళ్ల దాకా ఎర్రగా తేలాడు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఒళ్లంతా పూసినట్టుంది.

చూడవచ్చిన లింగన్న గడపలోనే కూలబడ్డాడు. "నిన్నటిదాంక పసుపువుంటివి, ఇయ్యాల కుంకుమవైనవ్. రేపు గాజులేసుకుంటవా ఏంది?"

నియమంలో రెండూ ఉన్నాయి. ఒక తప్పు దిద్దుకోబోతే రెండో తప్పు బయటపడింది. సువార్త గాభరాపడి చింతపండు పులుసు తెచ్చి కుమ్మరించింది. పులుపు తగిలిన చోట ఎరుపు పోయి, కింది పసుపు అప్పుడే తోమిన ఇత్తడి బిందెలా తళతళలాడుతూ బయటికొచ్చింది. తగలని చోట ఎరుపు అట్లాగే ఉండిపోయింది. మొత్తానికి మనిషి చారలు చారలుగా తయారయ్యాడు.

ఇక మిగిలింది ఎండ. పసుపు బట్టను ఎండలో ఆరేస్తే రంగు పోతుంది గదా, మనిషికి మాత్రం ఎందుకు పోదు? ఎంకటి అంకాపూర్ దారిలో పసుపు ఆరబోసిన కళ్లానికి పోయి, ఉత్త నిక్కరుతో వెల్లకిలా పడుకున్నాడు. కళ్లలో పులుసు పడి మండుతుంటే గట్టిగా మూసుకున్నాడు.

అదే దారిన వేల్పూర్ ముసలమ్మ భాగ్యవ్వ తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చింది. పసుపు కుప్పల నడుమ పసుపు ఎరుపు చారలతో, కళ్లు మూసుకుని, కదలక మెదలక ఉన్న రూపాన్ని చూసింది. పోతరాజు భూమిలోంచి తేలాడనడానికి ఆమెకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. కొంగున కట్టుకున్న అటుకులు అతని బొడ్డు మీద పోసి, బర్రె యాడున్నదో చెప్పు తండ్రీ అని అడిగింది. ఎంకటి ఆ పొద్దున పోచంపాడ్ రోడ్డు మీద ఒంటరి బర్రెను చూశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. బర్రె దొరికింది. అతని కొంప మునిగింది అక్కడే.

రెండో రోజుకు కళ్లం నిండా జనం. బోరులో నీళ్లు పడతాయా అని ఒకరు, మోటారు ఎత్తుకపోయినవాడి పేరు చెప్పమని ఒకరు. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. తలా గుప్పెడు పసుపు తెచ్చి అతని మీద చల్లి దండం పెట్టారు. అప్పటిదాకా కాచిన ఎండంతా ఒక్క పూటలో దండగైంది.

ఎంకటి లేచి కూర్చుని చేతులు జోడించాడు. "నేను దేవున్ని గాదవ్వా, హమాలోన్ని. చర్చికి పోత."

భాగ్యవ్వ రవ్వంత కూడా తగ్గలేదు. "దేవుడంటె హమాలోడే గద బిడ్డా. మా అందరి బరువు ఇంకెవలు మోస్తున్రు? చర్చికి పో, నేనొద్దంటినా? పోయొచ్చినంక మా కోడలి సంగతి జర చూడు."

చర్చిలో చేరబోయేవాడికి పక్క ఊళ్లవాళ్లు మొక్కుతున్నారన్న కబురు దయానంద్ సార్ చెవిన పడింది. ఆయన అరవలేదు. ఈస్టరు పొద్దున గుమ్మం దగ్గర తెల్ల రుమాలుతో మెడ తుడిచి చూస్తానని, ఒక్కడికే పెడితే పక్షపాతమవుతుంది గనుక అందరికీ పెడతానని చెప్పి పంపాడు. ఎంకటి నీరుగారిపోయి, తాను ఇక రానన్నాడు.

"పచ్చగనే రా," అన్నది సువార్త. "ప్రభువు నిన్ను గీ మూడు వారాల సందే చూస్తున్నడా ఏంది?"

ఈస్టరు నాడు మొదటి మెడ ఎంకటిదే. రుమాలు ఒక మూల పచ్చబడింది. ఎంకటి పోయి, పండుగకని బయట వేసిన షామియానా కింద నిలబడ్డాడు. రెండో మెడ సువార్తది. ఆమె పసుపు పాలిషు పట్టే చోట కూలీ, రెండో మూల పచ్చబడింది. తరువాత అంకాపూర్లో పసుపు ఉడకబెట్టే ఆడవాళ్లు, ఏరేవాళ్లు, కాంటా వేసేవాళ్లు, ఆ ధూళిలో కూర్చుని చిట్టీలు రాసే గుమాస్తా. అది పసుపు కాలం. ఆ ఊళ్లో గాలి కూడా పచ్చగానే వీస్తుంది. అరగంటలో షామియానా నిండింది, చర్చి ఖాళీగా మిగిలింది.

సారుకు చెమటలు పట్టాయి. మామూలు మనిషి చేసే పనే చేశాడు. చేతిలో ఉన్న రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

ఎంకటే దగ్గరికి పోయి, సార్, నుదురు, అని మెల్లగా చెప్పాడు. సార్ కిటికీ అద్దంలో చూసుకున్నాడు. నుదుటి మీద పచ్చటి చార. ఇంకొకడైతే నియమం చింపేసేవాడు. ఆయన రిజిస్టరు గుమ్మం మీద పెట్టి, మెట్లు దిగి, పోయి షామియానా కింది వరస చివర నిలబడ్డాడు. అది చూసి పాస్టరయ్య తన గోళ్లు చూసుకున్నాడు. రాత్రి తిన్న కోడికూర పసుపు ఇంకా వదల్లేదు. ఆయనా దిగి వచ్చాడు.

ఇప్పుడు లోపల యోగ్యులు ముగ్గురు. బల్ల, రొట్టె, హార్మోనియం పెట్టె.

బల్లను బయటికి తెచ్చుకుందామంటే దానికి నియమం అడ్డం లేదన్నాడు పాస్టరయ్య. లోపలికి పోయేవాడెవడన్నదే చిక్కు. అందరూ ఒకరి మెడలు ఒకరు చూసుకుంటుంటే వరస చివరినుంచి దయానంద్ సార్ గొంతు సవరించుకున్నాడు.

"పసుపున్న సభ్యుడు పోవద్దని రాసిన. హమాలోడు పోవద్దని రాయలె."

నిండు సభ్యుడు కానివాడు అక్కడ ఒక్కడే. ఎంకటి లోపలికి పోయి, బల్ల కింద దూరి, వీపు ఆనించి లేచాడు. టేకు బల్ల, మీద రొట్టె పళ్లెం, నిండా ద్రాక్షరసం గిన్నె. మూడు బస్తాల బరువు మోసినవాడు ఆ రోజు మోసినంత మెల్లగా ఎన్నడూ మోయలేదు. చుక్క ఒలకకుండా గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మంలో బల్ల కాలు ఒకటి గడపకు తగిలి పుటుక్కున విరిగింది. మూడు కాళ్ల బల్లను దించితే రసం నేలపాలు. అందుకని ఎంకటి షామియానా కిందికి తెచ్చి, మూడు కాళ్లు నేలకు ఆనించి, నాలుగో కాలు చోట తానే చేతులూ మోకాళ్లూ మోపి ఉండిపోయాడు.

పాస్టరయ్య ప్రార్థన చేసి పంచడం మొదలుపెట్టాడు. ఎంకటికి కిందినుంచి పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. పగిలిన మడమలు, పచ్చటి గోళ్లు, ఒక్కొక్క జతే వచ్చి ఆగి పోతున్నాయి. సువార్త పాదాలు అతని ముఖం దగ్గర కాసేపు ఎక్కువే ఆగాయి. ఆఖరున తెల్ల ప్యాంటు కింద నల్ల బూట్లు వచ్చాయి. వచ్చి కదల్లేదు.

పైన పళ్లెంలో ఒక్క ముక్కే మిగిలింది. రొట్టె లెక్కపెట్టి కోయించింది దయానంద్ సారే, రిజిస్టరు ప్రకారం. ఆ లెక్కలో ఎంకటి లేడు. ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు, ఆ రోజూ తప్పలేదు.

తెల్ల ప్యాంటు మోకాళ్లు మట్టిలో ఆనాయి. పసుపు నుదురు బల్ల కిందికి వంగింది. సార్ ఆ గోరంత ముక్కను రెండుగా విరిచాడు.

"నోరు తెరువు," అన్నాడు.

"పేరెక్కలేదు గద సార్," అన్నాడు ఎంకటి.

"మాట్లాడకు. రసం ఒలుకుతది."

ఎంకటి నోరు తెరిచాడు. నమిలాడో, మింగాడో ఎవరికీ తెలియదు గానీ, బల్ల మాత్రం కదలలేదు.