కామాక్షి చేతికి కుదిరిన పిడి

నేను ఒక కర్రపిడిని. రైఫిల్‌కు ట్రిగ్గర్ వెనక, కుడి అరచేతిలో ఒదిగేలా కిందికి దిగి ఉండే రకం పిడిని. గురి చూసేది కన్ను, మోత చేసేది గొట్టం, పతకం పడేది మెడలో. చేతికి నొప్పి పుడితే ముందుగా తెలిసేది మాత్రం నాకే.

నాకంటే ముందు ఆ చోట కంపెనీ పిడి ఉండేది. ఏ ఆరడుగుల మనిషి చేతిని కొలిచి చేశారో గానీ, నెల్లూరు పోలీసు రైఫిల్ జట్టులోని కానిస్టేబుల్ కామాక్షికి అది పట్టు చిక్కేది కాదు. ఆమెది చిన్న చెయ్యి. పైగా ఒకప్పుడు కబడ్డీలో విరిగిన ఉంగరపు వేలు వంకరగా అతుక్కుంది. ఇరవయ్యో తూటాకల్లా మణికట్టు లాగేది, గురి పక్కకు జరిగేది. రెండేళ్లు వరసగా రాష్ట్ర జట్టులో చోటు తప్పింది. మూడోసారి ఎంపిక పోటీలకు నెలన్నర ఉందనగా శిక్షకుడు పెంచలయ్య చెప్పేశాడు.

"ఈసారి కూడా కాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారమ్మా. ముందు ఆ పిడి సంగతి చూడు. మార్చేదానికి పైవాళ్లను నేను అడుగుతా. పాతది మాత్రం భద్రం, తుపాకీ డిపార్టుమెంటుది."

కామాక్షి వెతకని చోటు లేదు. రబ్బరుది మెత్తగా ఉంది గానీ గుప్పిట్లో పట్టలేదు. జట్టులో ఒకాయన అరువిచ్చిన పిడి బొటనవేలిని ఎటో తోసేసింది. గుడ్డ చుట్టి చూస్తే చెమటకు జారింది. అందరూ చెప్పిన మాట ఒకటే: "అలవాటైపోద్దిలే." మనుషులు చెప్పుల దగ్గర్నుంచి ఉద్యోగాల దాకా ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతే.

ఒకరోజు ఆమెకు హస్తకళల ప్రదర్శనలో బందోబస్తు పడింది. అక్కడ ఉదయగిరి నుంచి వచ్చిన ఖాసింబీ కర్ర గరిటెలు అమ్ముతోంది. కామాక్షి ఒక గరిటె తీసుకుంది. దాని కాడ చేతిలో ఇట్టే కుదిరింది. పరధ్యానంగా భుజం దాకా ఎత్తి, చూపుడువేలు వంచింది.

"ఏందమ్మా, గరిటెతో ఎవురిని కాలుస్తావు?" అని నవ్వింది ఖాసింబీ.

రైఫిల్‌కు ఇలాంటి పిడి చెక్కిపెట్టమని కామాక్షి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. "అన్నం వడ్డించేవి చేసే చెయ్యి ఇది. పానం తీసేదానికి రాదు."

కామాక్షి సంచిలోంచి నల్లటి వలయాలున్న కాగితం తీసి పరిచింది. "నేను కాల్చేది దీన్నేనక్కా. ఇంతవరకు చీమను కూడా కొట్టలా."

ఖాసింబీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికా ఇంత రభస? సరే, ఆదివారం ఇంటికి రా. ఆ పాత పిడి కూడా తీసుకురా."

ఆదివారం ఖాసింబీ కామాక్షి చేత తడిమట్టి ముద్దను పట్టించింది. "కళ్లు మూసుకోని పట్టు. తెరిస్తే అందం చూస్తావు, సుఖం చూడవు." ఆ అచ్చును చూస్తూ నన్ను ఉలితో చెక్కింది, పాత పిడికి మర బిగించే చోటు చూసి నాకూ రంధ్రం తొలిచింది. వంకర వేలికి విడిగా ఒక పల్లం తీసింది. అంత చెప్పిన మనిషి చివర్లో మనసాపుకోలేక నా ఒంటినిండా పూలతీగ చెక్కింది. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు.

పైవాళ్ల అనుమతితో నన్ను రైఫిల్‌కు బిగించి వారం కాల్చి చూశాక కామాక్షి మళ్లీ వచ్చింది. "బాగుందక్కా," అంది నేల చూపులు చూస్తూ.

ఖాసింబీ ఆమె చెయ్యి లాక్కుని తిప్పింది. అరచేతిలో ఎర్రగా అచ్చు పడిన పువ్వు.

"నోరు అబద్ధమాడినా చెయ్యి ఆడదు గదా! మరి మణికట్టు సంగతేంది?"

"మణికట్టు నొప్పే లేదక్కా. అందుకే... ఇంత కష్టపడి చెక్కావు, ఎట్టా చెప్పేది?"

ఖాసింబీ ఆకురాయి అందుకుని, ఒక్కో పువ్వునూ తానే రాపాడేసింది. చివరి పువ్వు దగ్గర చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది. పూలు పోయిన చోట సన్నటి గరుకు మిగిలింది. చెమట పట్టినా జారని గరుకు.

ఎంపిక పోటీనాడు అరవై తూటాలు. నలభై దాటాక కామాక్షి ఊపిరి నిదానించింది. యాభై దాటాక నేనున్నానన్న సంగతే మరిచిపోయింది. పిడికి అంతకంటే మర్యాద ఉండదు. జట్టులో చిట్టచివరి చోటు ఆమెదే. పెంచలయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు. ఆ కబురు ఖాసింబీకి ఫోన్‌లో చెప్పినప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

ఆరేళ్లు అలా కలిసి తిరిగాం. తర్వాత కామాక్షికి హెడ్ కానిస్టేబుల్‌గా స్టేషన్ పని పడింది. రైఫిల్ తిరిగి ఆయుధాగారానికి వెళ్లింది, కంపెనీ పిడి తన చోటికి చేరింది. నేను ఆమె చేతిసంచిలో బయటికొచ్చాను.

ఇప్పుడు స్టేషన్‌లో ఆమె బల్ల మీద, ఫ్యాన్ గాలికి ఫిర్యాదు కాగితాలు ఎగరకుండా కూర్చున్నాను. ఎవరైనా ఏడుస్తూ గోడు చెప్పుకుంటుంటే కామాక్షి చెయ్యి తనకు తెలియకుండానే నన్ను అందుకుంటుంది. ఆమె ఊపిరి నిదానిస్తుంది. ఎదుటి మనిషి చెప్పేదంతా చివరిదాకా వింటుంది.

మొన్న ఒక ముసలామె కన్నీళ్లు తుడుచుకుని నావైపు చూసింది. "అదేందమ్మా, ఆ కర్రముక్క?"

కామాక్షి చేతిలోకి చూసుకుంది.

"ఇదా పెద్దమ్మా? నా చెయ్యే."