దొరగారి కుడిచెయ్యి

నీలిరంగు మఖమలు కోటుకి చివరి బొత్తాం పెడుతూ పెరిన్ మొగుడి గుండె మీద చెయ్యి ఆనించి చూసింది. లోపల గూట్లో చిక్కిన పిట్ట కొట్టుకుంటున్నట్టుంది.

"ఇవాళొద్దయ్యా. ఒంట్లో బాలేదని నేను చెప్పొస్తాను."

"సాయంత్రం కోటు పట్టుకుపోతారే," అన్నాడు అన్సెల్మ్. "పటంలో చెయ్యొక్కటే మిగిలింది. నేను లేస్తే ఆ చిత్రకారుడు రేపు ఇంకెవడి చెయ్యో అతికిస్తాడు."

ఖజానా అధికారి వెర్లాక్ దొరగారు పటానికి ముఖం మాత్రం ఇచ్చి వెళ్లిపోయారు. పెద్దవాళ్లకి అంతసేపు కూర్చునే తీరిక ఉండదు. పైగా వాతంతో ఆయన వేళ్లు వాచిపోయాయి. కోటూ, లేసూ పంపిస్తే, చిత్రకారుడు లుబార్ వాటిని ఎవరికో ఒకరికి తొడిగి పటంలో మిగతా ఒళ్లు గీసుకుంటాడు. ఆ ఎవరో ఒకరు అన్సెల్మ్. బతుకంతా దొరల భోజనబల్ల దగ్గర తెల్ల తొడుగులేసుకుని పళ్లేలు అందించినవాడు. ఆ తొడుగుల్లో దాగిన చేతుల్ని పెరిన్ తప్ప పట్టి చూసినవాళ్లు లేరు. ఎండ తగలక అవి మైనపువత్తుల్లా తెల్లగా, నాజూగ్గా ఉండిపోయాయి. మొదటిరోజు లుబార్ వాటిని వెలుతురుకి తిప్పి చూసి, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావని అడిగాడట. ఆ మాట చెబుతూ అన్సెల్మ్ ఆ రాత్రి అన్నం సంగతే మరిచిపోయాడు.

పెరిన్ బొమ్మలు గీసే గదిలో చారుకుండ ఒళ్లో పెట్టుకుని గోడవార ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ లేసుకి గంజిపెట్టింది తనే. దాని మీద ఒక్క చుక్క పడితే తామిద్దర్నీ అమ్మినా చాలదని ఆమె బెంగ. నూనె సీసా ఒరుగుతుందేమో, ఆయన దగ్గితే రంగు చెదురుతుందేమో. తల్లీ మరియమ్మా, ఈ పూట గడిపించు.

"రాజాజ్ఞ మీద చెయ్యేసినట్టుండాలి," అన్నాడు లుబార్. "బిగించి పట్టు. అధికారం నీదే అనుకో."

అన్సెల్మ్ బిగించాడు. కాసేపటికి వేళ్లు వాటంతటవే సడలి, అరచెయ్యి సగం తెరుచుకుంది. లుబార్ వచ్చి సరిచేశాడు. మళ్లీ అంతే.

"ఏం తాతా, దొరగారు విందులో కోడికూర వడ్డిస్తున్నారా?"

"నా మాట వినట్లేదు దొరా. దానికి వచ్చింది ఆ ఒక్క పనే."

ఇక గెంటేస్తాడని పెరిన్ కుండ గట్టిగా పట్టుకుంది. లుబార్ నాలుగడుగులు వెనక్కి వేసి చాలాసేపు చూశాడు. సన్నటి కుంచె ఏరుకున్నాడు.

"అలాగే ఉంచు."

అన్సెల్మ్ ఉంచాడు. కదలకుండా ఉండడంలో ఆయనకి సాటిలేరు. ఒకప్పుడు విందులో మరిగే పులుసు మణికట్టు మీద ఒలికితే, పళ్లెం వెంట్రుకవాసి కూడా ఒరగనివ్వలేదు. ఆ మచ్చ ఇప్పుడు లేసు కింద ఉంది. పెరిన్‌కి బెంగలోనే గర్వం పొంగింది. చారు తాగమని అడగలేదు. పరాయివాడి కోటులో ఆయన గుటకైనా మింగడు.

కిటికీ వెలుగు ఆయన మోకాళ్ల మీంచి నేల మీదికి జారింది.

"అయిపోయింది తాతా, లే," అన్నాడు లుబార్. "ఇక చాలు, ఊపిరి తీసుకో."

గుండె మీది లేసు కదలడం లేదు. పెరిన్‌కి తెలిసిపోయింది. ముందు చారుకుండ దూరంగా తీసుకెళ్లి పెట్టింది. తర్వాత వచ్చి ఆ చేతిని అందుకుంది. అప్పటికీ అది ఏదో ఇస్తున్నట్టే ఉంది. బొత్తాలు ఆమే విప్పింది. సాయంత్రం దొరగారి బంట్లు వచ్చి కోటుని తిరగేసి, మరగేసి చూశారు. మరక లేదు.

వసంతంలో గంజిపెట్టిన లేసులు ఇవ్వడానికి పెరిన్ వెర్లాక్ దొరగారి దొడ్డిగుమ్మంలోకి వెళ్లింది. తలుపు సందులోంచి పటం కనబడింది. విందుకొచ్చిన పెద్దావిడ ఒకామె దాని ముందు నిలబడి ఉంది.

"ముఖం మాటేమో గానీ," అంటోంది దొరగారితో, "ఆ చేతిలో ఎంత దయ ఉందండీ."

దొరగారు వాచిన వేళ్లని లేసులోకి లాక్కున్నారు. తనతో అన్నట్టు పెరిన్ తలూపింది.

ఇంట్లో కిటికీ పక్క మేకుకి తెల్ల తొడుగులు వేలాడుతున్నాయి. ఉతికి, గంజిపెట్టి, ఎంత చదును చేసినా, కుడిచేతిది మళ్లీ కాస్త తెరుచుకునే ఉంటుంది.