ఆయన పేరు మీద నా మనసు

మా ఇంట్లో కాగితాలన్నీ నింపేది నేనే. ఇన్సూరెన్సువీ, వీధి కమిటీవీ, అత్తయ్య మోకాళ్ళ డాక్టరువీ. అందుకే ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే మా ఆయన తెత్సురో ఇంకో కాగితం బల్ల మీదికి జరిపి, "ఓయ్, ఇది కూడా నింపేసెయ్. రేపు ఆఫీసులో ఇచ్చెయ్యాలి" అన్నప్పుడు తడి చేతులు తుడుచుకుని కూర్చున్నాను.

ఉద్యోగుల మనసు ఎలా ఉందో ఏడాదికోసారి కంపెనీ అడిగి తెలుసుకోవాలట. యాభై ఏడు ప్రశ్నలు.

"ఇది మీ మనసు గురించండీ. నాకేం తెలుస్తుంది?"

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నావు. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బానే ఉన్నానని రాసెయ్." అనేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

మొదటి ఏడూ ఆయనవే రాశాను. పని ఎక్కువగా ఉందా, ఉంది. టైముకి పూర్తవుతుందా, అవదు. ఆ తర్వాత, 'నా పని ఎలా చెయ్యాలో నేనే నిర్ణయించుకోగలను' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. నన్నెవరూ అలాంటి మాట అడగలేదు. నేను బియ్యపు అప్పడాల ఫ్యాక్టరీలో రోజూ నాలుగు గంటలు నిలబడి విరిగినవి ఏరేస్తాను. నాలుగు గంటల మనుషులకి ఈ కాగితం ఇవ్వరు. ఇంటి పనికి గంటలే లేవు కాబట్టి దానికీ ఇవ్వరు. 'ఒళ్ళంతా అలసటగా ఉంటుంది.' 'ఏం చెయ్యాలన్నా విసుగ్గా ఉంటుంది.' మా అమ్మ పోయిన నాలుగోరోజు నేను పుట్టింటి నించి తిరిగొచ్చేసరికి చూరు నిండా ఊరగాయకి ఎండబెట్టిన ముల్లంగులు వేలాడుతున్నాయి. ఎనభై. "పోయినవాళ్ళు ఆగుతారు, ముల్లంగి ఆగదు" అంది అత్తయ్య. ఆ రోజే తవుడూ ఉప్పూ కలిపి తొట్టెలో ఊరేశాను. ఏడవడానికి చేతులు ఖాళీ లేవు. 'మీరు కష్టంలో ఉన్నప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఎంతవరకు ఆసరా అవుతారు?' నాలుగు జవాబుల్లో చివరిదానికి, 'అస్సలు కారు' అన్నదానికి, సున్నా చుట్టాను. అప్పటికే చాలాసేపటి నించి నా జవాబులే చుడుతున్నానని యాభై ఏడో ప్రశ్న అయ్యాక తెలిసింది. స్నానాలగది తలుపు చప్పుడైంది. కాగితం మడిచి ఆయన బ్యాగులో పెట్టేశాను.

నవంబర్లో కంపెనీ నించి కవరొచ్చింది. "చూసి ఏముందో చెప్పు" అని ఆయన నా వైపు విసిరాడు. అత్తయ్య మిసో పులుసు జుర్రుతోంది. నేను సింకు దగ్గర నిలబడే విప్పాను.

సాలెగూడులా గీసిన బొమ్మ ఒకటి. నిద్ర, అలసట, దిగులు, ఆసరా. నేను ఎక్కడ కుంగిపోయానో గీత సరిగ్గా అక్కడే కుంగిపోయి ఉంది. కింద రెండు వాక్యాలు: 'మీ మీద ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. ఇంతకాలం ఎంతో ఓర్చుకుని వచ్చారు.' యంత్రమే అచ్చువేసి ఉంటుంది, నాకు తెలుసు. అయినా కాగితాన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాను. నన్ను ఎన్నడూ చూడనిదేదో నా లోపలికొచ్చి, దీపం పట్టి, గది గదీ తిరిగి వెళ్ళింది. ఇన్నాళ్ళూ బద్ధకమనుకున్నది, వయసనుకున్నది, నా గుణమే ఇంత అనుకున్నది, అంతా అక్కడ కొలతలు వేసి ఉంది. నేను నిజంగా ఉన్నాను! ఆ వాక్యాల్ని నాలుగుసార్లు చదివాను.

"ఏమంటోంది?" అన్నాడాయన.

"ఒకసారి డాక్టరుతో మాట్లాడమంటోంది."

చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "నన్నా? నాకేమైంది? ఇది పై వాళ్ళు చూస్తారా?"

"చూడరు. మీకేం కాలేదు. అవి నా జవాబులు."

కాసేపు నా మొహంలోకి చూసి పకాలున నవ్వాడు. "నీకేం ఒత్తిడే? అప్పడాలు ఏరే నాలుగు గంటలు తప్ప ఇంట్లోనేగా ఉంటావు. నీ మీద మేనేజరెవరున్నారసలు?"

పులుసు జుర్రుతున్న చప్పుడు ఆగింది. "నేను లేనూ?" అంది అత్తయ్య తల ఎత్తకుండానే.

ఎవరం నవ్వలేదు. తర్వాత ఆమె గిన్నె ఎత్తి మిగిలింది తాగేసింది.

డాక్టరు దగ్గరికి ఆ కాగితంతో నేను వెళ్ళడానికి లేదు, దాని మీద పేరు ఆయనది. కానీ వెనక పేజీలో రోజూ చేసుకోదగ్గవి కొన్ని రాశారు, వాటికి పేరుతో పని లేదు. మొదటిది: ఉదయం ఇరవై నిమిషాలు వెలుతురులో ఉండండి. మా ఊరు ఆగానోలో చలికాలం వెలుతురంటే ఆరున్నరకి వచ్చే బూడిదరంగే. ఆరున్నరంటే నేను అన్నం, పులుసు, చేప, ఆయన లంచ్ డబ్బా ఒక్కసారే చూసుకునే వేళ. మర్నాడు ఇంకా ముందే లేచి అన్నీ వండి బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా కోటు తగిలించుకుని సరస్సు దాకా నడిచాను.

ఇంటికి పావుగంట దూరం. ఏటా సైబీరియా నించి వేల హంసలు వచ్చి వాలతాయక్కడ. రాత్రి నీళ్ళ మీద పడుకుని, తెల్లారగానే పొలాల్లో మేతకి లేచిపోతాయి. ముప్ఫై ఏళ్ళుగా వాటి అరుపులు వంటింటి కప్పు మీదుగా వెళ్ళడం విన్నాను, బట్టల మీద రెట్టలు పడతాయని తిట్టుకున్నాను. అంతే నాకు హంసలంటే. గట్టు మీద నిలబడితే నీళ్ళు కనిపించలేదు, అంతటా తెలుపే. ఒక గుంపు మెడలు పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టింది, 'వెళ్దామా, వెళ్దామా' అని అడుగుతున్నట్టు. బూడిదరంగు పిల్లలు కూడా ఊపాయి. తర్వాత పరుగు. ఎంత బరువైన పక్షులవి! రెక్కలు నీళ్ళని కొడుతుంటే, నల్లటి పాదాలు టపటపా తడుతుంటే, ఇంత ఒళ్ళు గాల్లోకి లేవడం ఎక్కడైనా అయ్యే పనేనా అనుకుంటున్నాను, లేచాయి! తలమీదుగా పోతుంటే రెక్కల గాలి నా జుట్టుకి తగిలింది. తర్వాత ఇంకో గుంపు. ఇంకోటి. నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఎవరి ఆకలీ, ఎవరి మందుల వేళా గుర్తు లేదు. అమ్మ కోసం రావలసిన ఏడుపు ఆ గట్టు మీద వచ్చింది. తీరిగ్గా ఏడ్చాను. ఇరవై నిమిషాలు దాటిపోయింది.

రోజూ వెళ్ళాను. "హంసల మేనేజరొచ్చింది" అని వెక్కిరించేవాడు ఆయన. పులుసు చల్లారిపోయిందనేవాడు. "వేడి చేసుకోండి" అన్నాను ఒకరోజు. అంత చిన్న మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా వినిపించింది.

డిసెంబరులో ఒక పొద్దున అలారం నన్ను లేపలేదు. వంట మొదలుపెడితే హంసలు వెళ్ళిపోతాయి. ఏదైతే అదయిందని కోటు వేసుకుని వాకిట్లోకొస్తే, అక్కడ అత్తయ్య. ఎనభై మూడేళ్ళ మనిషి, చక్రాల నడకబండి పట్టుకుని, బూట్లు తొడుక్కుని కూర్చుంది.

"చలి అత్తయ్యా. మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావి. పద."

పావుగంట నడక ముప్పావుగంట అయ్యింది. చాలా హంసలు వెళ్ళిపోయాయి. చివరి గుంపు మాత్రం ఇంకా మెడలూపుతోంది. అత్తయ్య నడకబండి మీది పలక దించుకుని కూర్చుంది. అవి లేచి మా మీదుగా పోయేటప్పుడు ఆమె తల ఎంత వెనక్కి వాలిందంటే టోపీ జారి కింద పడింది. తీసుకోలేదు. తెల్ల జుట్టు గాలికి లేస్తోంది.

"ఇంత పెద్దవా ఇవి?" అంది చాలాసేపటికి. "ఈ ఊరొచ్చి అరవై ఏళ్ళయింది. వంటింటి కిటికీలోంచి వీటి కడుపులే చూశాను, కయోకో."

ముప్ఫై ఏళ్ళలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. టోపీ తీసి మంచు దులిపి ఇచ్చాను. గడియారం చూసుకుంటే ఏడున్నర దాటింది. అలవాటు ఎక్కడికి పోతుంది, కాళ్ళు ఇంటివైపు తిరిగాయి.

"వెళ్దాం అత్తయ్యా. ఇంట్లో ఏమీ వండలేదు. ఆయన ఆకలితో కూర్చుని ఉంటారు."

ఆమె ఖాళీ అయిన నీళ్ళ వైపే చూస్తూ అంది:

"యాభై ఎనిమిదేళ్ళొచ్చినా అన్నం వండుకోవడం రాకుండా వాణ్ణి పెంచింది నేను. ఆ తప్పు నాది, నువ్వెందుకు పరిగెడతావు? కూర్చో."

కూర్చున్నాను.