రెండు నిమిషాలు మించకుండా

మొగుడు వెర్నెల్ అంత్యక్రియల్లో ఆర్లీన్ టాలివర్ నోరు విప్పలేదు. అలబామాలో వాళ్ల చర్చిలో ఎవరు పోయినా, అచ్చు వేయించిన కార్యక్రమ పత్రంలో "నాలుగు మాటలు, దయచేసి రెండు నిమిషాలు మించకుండా" అని ఉంటుంది. ఆ నిమిషాల లెక్క ఇంతవరకు పాటించినవాడు లేడు. వెర్నెల్ గురించి పదకొండు మంది మాట్లాడారు. అందులో ఒకాయన వెర్నెల్‌తో చేపల వేటకి వెళ్లిన సంగతి మొదలుపెట్టి, తన కొత్త పడవ గురించి చెప్పి దిగిపోయాడు. ఆర్లీన్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తన మాటలు కోర్టు కోసం దాచుకుంది.

కంకర లారీకి బ్రేకులు పడక, కూడలిలో వెర్నెల్ కారుని గుద్దేసింది. లారీ కంపెనీ మీద దావా వేసి రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ ఆవిడ గుర్తొచ్చిందల్లా ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. చర్చిలో అందరికీ వెర్నెల్ తెలుసు. తీర్పు చెప్పే జ్యూరీలో ముక్కూ మొహం తెలియని పన్నెండు మంది వినాలి, తాము ఎలాంటి మనిషిని పొట్టన పెట్టుకున్నారో ఆ కంపెనీవాళ్లూ వినాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

విచారణకి ముందురోజు లాయరు హోలిస్ క్రెన్‌షా ఆ పుస్తకం చూసి నీళ్లు నమిలాడు.

"అమ్మా, అది ఇంట్లో పెట్టేసి రండి."

"ఏం?"

"మన రాష్ట్రంలో చావు కేసులో జ్యూరీ చూసేది ఒక్కటే, అవతలివాడు చేసిన తప్పెంత అని. దానికి శిక్షగా డబ్బు కట్టమంటుంది. పోయినాయన ఎలాంటివారు, ఇంట్లోవాళ్లు ఎంత ఏడ్చారు, ఇవేవీ వాళ్ల చెవిన పడకూడదు."

"మా ఆయన అంత పనికిరానివాడా?"

"అది కాదమ్మా. ప్రాణానికి ఖరీదు కట్టకూడదని చట్టం. బ్యాంకు యజమానైనా, బస్సు డ్రైవరైనా ఒకటే."

"ఖరీదు కట్టమని ఎవరడిగారు? వినమంటున్నా."

హోలిస్ పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చాడు. "మీరు ఒక్క మాట తూలినా, జడ్జి గారు విచారణ రద్దు చేసి మళ్లీ మొదటికి తెస్తారు. మన సాక్షి, ఆ కంపెనీ మెకానిక్‌కి ఊపిరితిత్తులు బాలేవు. ఏడాది తర్వాత సాక్ష్యం చెప్పడానికి ఆయన ఉంటాడో ఉండడో," అన్నాడు.

చట్టం రాసిన పెద్దమనుషులకి భార్యలున్నారో లేదో గానీ, ఆర్లీన్‌కి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కోర్టు మెట్లెక్కుతూ ఆడపడుచు డెల్ఫీన్ అంది, "వదినా, నువ్వు నోరు మూసుకుని ఉండగలవా? మీ పెళ్లిలో పాస్టరు గారికే అడ్డు తగిలావు."

"నోరు జారేలా ఉంటే గిల్లు."

"సాక్షి బోనులో నీ పక్కన నన్నెవరు కూర్చోనిస్తారే?"

మెకానిక్ దగ్గుతూనే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బ్రేకులు పోయాయని మూడుసార్లు రాసిచ్చాడు, మూడుసార్లూ కంపెనీవాళ్లు "బండి తిప్పు" అన్నారు. మూడో రోజు ఆర్లీన్‌ని పిలిచారు. పేరు చెప్పింది, భార్యనని చెప్పింది. అప్పుడు కంపెనీ లాయరు లేచాడు.

"ఆ పొద్దున కూడలి దగ్గర మీవారు తొందరలో ఉన్నారేమో కదమ్మా?"

తొందరా, వెర్నెల్‌కా? టై కట్టుకోవడానికి పావుగంట పట్టే మనిషికా? పుస్తకంలో నాలుగు పేజీలు దాని మీదే రాసుకుంది. అంతా గొంతు దాకా వచ్చింది. వెనక వరసలో డెల్ఫీన్ తన చేతిని తనే గిల్లుకుంటోంది.

"నేనక్కడ లేనండి," అంది ఆర్లీన్.

బోను దిగుతుంటే, ఆయన్ని రెండోసారి పూడ్చిపెట్టినట్టు అనిపించింది. ఈసారి తన చేతులతోనే.

సాయంత్రానికి తీర్పొచ్చింది. కంపెనీవాళ్ల మొహాలు మాడిపోయేంత పెద్ద మొత్తమే వేశారు. హోలిస్ చేతులు పట్టుకుని ఊపుతుంటే ఆర్లీన్ ఊపించుకుంది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

బయట వసారాలో, జ్యూరీలో కూర్చున్న ఒక పెద్దావిడ ఎదురొచ్చింది.

"ఏమనుకోకమ్మా. ఇక మాట్లాడుకోవచ్చని జడ్జి గారన్నారు. మూడు రోజుల నుంచి బ్రేకుల గురించే విన్నాం. ఆయన గురించి ఒక్క ముక్క తెలీలేదు. ఎలాంటి మనిషమ్మా?"

వెనక మరో నలుగురు జ్యూరీవాళ్లు ఆగారు. పుస్తకం ఇంట్లో ఉంది. రాసుకున్నదేదీ గుర్తు రాలేదు.

"తియ్యటి పీచ్ పండు మీద ఉప్పు చల్లుకుని తినేవాడు," అంది ఆర్లీన్.

డెల్ఫీన్ కళ్లు తుడుచుకుంటూ, "రెండు నిమిషాలే వదినా," అంది.

ఆర్లీన్ బెంచీ మీద కూర్చుంది. "స్కూలు బస్సు తోలేవాడు. పిల్లలు ఎక్కి కూర్చునేదాకా కదిలేవాడు కాదు, వెనక ఎన్ని హారన్లు మోగినా. ఆ లాయరు తొందర అన్నాడే, మా పెళ్లికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడమ్మా. ఆ రోజు పొద్దున కూడా, కానివ్వు, కానివ్వు అని నేను మొత్తుకుంటూనే ఉన్నా. తీరిగ్గా బూట్లు తుడుచుకున్నాడు." ఆవిడ ఆగింది. "ఒక్క నిమిషం తొందరపడి ఉంటే, లారీ వచ్చేసరికి ఆ కూడలి దాటిపోయేవాడు."

పెద్దావిడ చేతిసంచీ కింద పెట్టి పక్కన కూర్చుంది.