మందుల దుకాణం షట్టర్

నేను ఒక ఇనుప షట్టర్‌ని. బాలానగర్‌లోని ఓ వర్క్‌షాపులో రేకులు ఒకదానిలో ఒకటి దూర్చి నన్ను తయారుచేశారు. పదహారేళ్లు ఒక బట్టల కొట్టుకు కాపలా కాశాను. ఆ కొట్టు మూతపడ్డాక సినిమావాళ్లు నన్ను కొని, నగరం బయట పాత గోదాములో వేసిన మందుల దుకాణం సెట్టుకు బిగించారు. ఎడమవైపు గాడి వంకరగా ఉందని మేస్త్రి చెప్పాడు. రెండు రోజుల పనికి అది చాల్లే అన్నారు.

సినిమాలో ఏదో రోగం సోకి మనుషులు మనుషుల్నే పీక్కుతినే జీవులైపోతారు. హీరో వాళ్లను దుకాణంలోకి రప్పించి, బయటికొచ్చి నన్ను కిందికి లాగేస్తాడు. లోపలివాళ్లు నన్ను బాదాలి, అరవాలి. మాటలు మాత్రం ఉండవు.

రోగులుగా ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులు వచ్చారు. వారిలో మణెమ్మ ఒకతె. ఆమె పక్కన రాజలింగం, అరవై దాటినవాడు. ఎన్నో సినిమాల పెళ్లిళ్లలో, చావుల్లో గుంపులో నిలబడ్డాడు. అందరి ముఖాలకూ రబ్బరు తోలు అతికించి, కళ్లకు తెల్ల లెన్సులు పెట్టారు.

"అన్నా, నా పక్కపొంటే ఉండు. నాకేం కనవడ్తలేదు," అంది మణెమ్మ.

"నాకు కనవడ్తుందా మరి?" అని నవ్వాడతను.

మే నెల మధ్యాహ్నం. లోపలికి పొగ వదిలారు. హీరో నన్ను లాగగానే ఇరవై మందీ నా మీద పడ్డారు. వంకర గాడిలో నా అంచు ఇరుక్కుపోయింది. కాసేపటికి రాజలింగం ఊపిరందక నా అడుగున కూలబడ్డాడు. వెనకవాళ్లకు అది కనిపించలేదు. తోస్తూ, అరుస్తూ, తొక్కుతూనే ఉన్నారు. మణెమ్మ కాలికి అతని చెయ్యి తగిలింది. ఆమె అతనికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడి, గుంపు బరువంతా వీపు మీద ఆపుకుంటూ నన్ను పిడికిళ్లతో బాదింది.

"లేపుండ్రి! మనిషి పడ్డడు, లేపుండ్రి!"

రబ్బరు పెదవుల వెనక ఆ మాటలు ముద్దైపోయాయి.

బయట డైరెక్టరు, లోపల పైన బిగించిన కెమెరా చూపే తెర ముందు మురిసిపోతున్నాడు. "ముందున్నావిడ ఎవరయ్యా? ప్రాణం పెట్టి చేస్తోంది. ఆపకండి, తియ్యండి."

నాకు ఒక పక్క ఒకరి ప్రాణం పోతోంది, ఇంకో పక్క మెచ్చుకోలు. రెంటికీ మధ్య నా మందం అరంగుళం కూడా లేదు. నా అంతట నేను పైకి లేవలేను. అంత బరువుగా నాకు నేను ఎన్నడూ అనిపించలేదు.

శబ్దం రికార్డు చేసే జోసఫ్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేసి లేచాడు. "సార్, లోపల ఎవరో మాట్లాడుతున్నారు."

"వాళ్లకు డైలాగులున్నాయా?"

"లేవు సార్. అందుకే చెప్తున్నా."

పరుగెత్తుకొచ్చి లాగితే నేను కదల్లేదు. గడ్డపార నా కింద దూర్చి ఎత్తారు. నా రేకులు రెండు చీలాయి. జానెడు సందులోంచి రక్తం పూసిన చేతులు బయటికి రాగానే హీరో రెండడుగులు వెనక్కి వేశాడు. లైట్‌మెన్ మాత్రం ఆ చేతులనే పట్టుకుని లాగారు. మొదట రాజలింగాన్ని బయటికి తోసింది మణెమ్మ. నీళ్లు కొడితే అతనికి శ్వాస తిరిగింది. పక్కటెముక విరిగిందని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

గంట తర్వాత ఒక అసిస్టెంటు వచ్చాడు. "షట్టర్ సుత్తితో సరిచేశాం. ఇంకో షాట్ ఉంది, రండి."

మణెమ్మ గడ్డం మీది రబ్బరు పీక్కుంటోంది. దాంతోపాటు చర్మమూ కొంత ఊడింది. "ఆ షట్టర్ ఊడదీయిండ్రి. తీసినంకనే లోపలికి వస్తం."

"రేపట్నుంచి నిన్నెవరూ పిలవరు, తెలుసా?"

"పిలవకుంటే మానుండ్రి."

ఆమె నేల మీద కూర్చుంది. మిగతా పద్దెనిమిది మందీ ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. డైరెక్టరు పొద్దు వంకా, వాళ్ల వంకా చూశాడు. చివరికి నన్ను ఊడదీయించి, నా రంగు పూసిన థర్మాకోల్ తగిలించాడు. కెమెరాకు తేడా తెలియదట.

ఇప్పుడు నేను తుక్కు దుకాణంలో ఉన్నాను. వానాకాలం బురద మీద నన్ను పరిచారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నా మీదుగానే నడిచి వెళ్తున్నారు. వెళ్లనీ.