నా ముక్కు ఎటువైపు?

నేను ఒక టేకు అచ్చును. పెడనలో గుడ్డల మీద రంగులు అద్దే అచ్చులుంటాయే, వాటిలో చిలక అచ్చును. ఎటు చూస్తున్నావని మాత్రం నన్ను అడక్కండి. చెక్కలో కుడికి, గుడ్డ మీద ఎడమకి! వీటిలో అసలు చిలక ఏదో నాకే అయోమయం.

నన్ను చెక్కింది నాగలింగాచారి. డెబ్బై దాటిన మనిషి. అద్దినప్పుడు బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి చెక్కలో తిరగేసి చెక్కాలి. అందుకని మిగతావాళ్ళు బొమ్మ గీసిన కాగితానికి నూనె రాసి, బోర్లించి చెక్కకు అంటించుకుంటారు. ఈయనకి అదంటే ఎంత చిన్నచూపో! బొమ్మను ఓసారి చూసి, కళ్ళు మూసుకుని, తలలోనే తిప్పేసుకుని ఉలి పట్టేవాడు. మనుషుల తలల్లో ఏవేం తిరుగుతాయో నాకేం తెలుసు గానీ, నా దగ్గరికొచ్చేసరికి ఆ చిలక తిరగలేదు.

చీర అంచుకి ఎదురెదురుగా చూసుకునే చిలకల జత కావాలి. ఎడమకి చూసేది ముందే తయారైంది. దానికి జోడీని నేను. రంగు అద్ది చూసిన కూతురు సువర్చల నోరు వెళ్ళబెట్టింది.

"ఇదేంటి నాన్నా, ఇది కూడా అటే చూస్తోంది!"

నిజమే. జోడీకి నా తోక చూపిస్తున్నాను. సిగ్గేసింది.

"తిప్పి కొట్టవే, సరిపోద్ది" అన్నాడాయన.

తిప్పి అద్దింది. ముక్కయితే కుడికి వచ్చింది గానీ కాళ్ళు పైకి లేచాయి. సువర్చల పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ, కిందా మీదా తిప్పాడు. నాకు కళ్ళు తిరిగాయి.

"ఎటు తిప్పితే సరవుద్దమ్మా? తలలో చిలక కదలట్లేదు. ఇక ఉలి పక్కన పెట్టేయమంటావా?"

ఆ గొంతులోని భయం విని సువర్చల నవ్వు ఆగిపోయింది. కాగితానికి నూనె రాసి, బోర్లించి, కొత్త చెక్కకు అంటించి ఇచ్చింది.

"నేర్చుకునేవాళ్ళ పని నాకు చెప్తున్నావా?" అని మొహం మాడ్చుకున్నాడు. సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఉలి చప్పుడు మొదలైంది.

కొత్తదాన్ని అద్దారు. రెండు చిలకలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. అరమీద నుంచి చూస్తూ కుళ్ళుకున్నాను, ఎందుకు దాచాలి?

"చూసుకుంటున్నాయా?" అని అడిగాడాయన.

"చూసుకుంటున్నాయి నాన్నా."

నమ్మలేదు. ఒక ముక్కు మీద వేలు పెట్టి, తడి రంగు మీదుగా రెండో ముక్కు దాకా గీశాడు. గుడ్డ పాడైంది.

"ఆఁ, చూసుకుంటున్నాయి. ఇంకో చెక్క ఇవ్వమ్మా" అన్నాడు. వేలికంటిన రంగు తుడుచుకుంటూ, "కాగితం అంటించే ఇవ్వు" అన్నాడు.