ఎత్తలేనన్న మనిషి

పొద్దున్నే గోదాముల వీధికి వెళ్ళి చూడండి. ఇనప గేటు ముందు మగవాళ్ళు వరుసగా నిలబడి ఉంటారు. ఒకడు భుజాలు విదిలిస్తుంటాడు. ఇంకొకడు పక్కవాణ్ణి అమాంతం పైకెత్తి దింపుతాడు. నవ్వులు, వెక్కిరింతలు, వీపు మీద చరుపులు. కొత్తగా చూసేవాడికి, ఆహా, ఎంత హుషారైన మనుషులు అనిపిస్తుంది.

ఆ హుషారు అమ్మకానికి పెట్టిన సరుకు. కాసేపట్లో మేస్త్రీ గేటు తీసుకుని బయటికొస్తాడు. వరుసనంతా కళ్ళతోనే తూచి, "నువ్వు, నువ్వు, ఇదిగో నువ్వు" అంటూ వేలు చూపిస్తాడు. ఆ వేలు ఎవరి మీద ఆగలేదో వాళ్ళు చేతులూపుకుంటూ ఇంటికి పోవాలి. అందుకే అక్కడ నెరిసిన జుట్టుకు రంగు పడుతుంది. వాచిన మోకాలు వదులు ప్యాంటులో దాక్కుంటుంది. దగ్గు ఉన్నవాడు వీధి మలుపులోనే దగ్గాల్సినంతా దగ్గి, మొహం తుడుచుకుని మరీ వరుసలోకి వస్తాడు. బరువు మోయడం ఆ వీధిలో ఎవరైనా నేర్చుకోగలరు. నొప్పిని మోస్తూ మొహం మాడకుండా చూసుకోవడమే అసలు పనితనం.

ఆ పనితనంలో అందరికీ గురువు స్తంభం. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గానీ దానితో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. పెళ్ళాం కూడా కోపమొస్తే "ఏమయ్యా స్తంభం" అనే అంటుంది. అరవై దగ్గర పడ్డాయి. మీసాలు రాని వయసులో మొదటి మూట ఎత్తాడు. ఇప్పుడతని వెన్నులో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తగా ఉండాల్సింది కాస్తా అరిగిపోయింది. పడుకుని పక్కకు ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. చెప్పులు తొడగాలంటే భార్య వంగాలి. గేటు ముందు మాత్రం గీత గీసినట్టు నిటారుగా నిలబడతాడు.

భార్య అదే గోదాములో చిరిగిన గోనెసంచులు కుడుతుంది. తన చేతిలోని దబ్బనం లాంటి మనిషే ఆమె. సన్నగా, సూటిగా, ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుతుంది. ఆమె పోరు పడలేకే కిందటేడు అతను వైకల్య భృతి కోసం ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు వెళ్ళాడు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. మర్యాదగానే కూర్చోబెట్టాడు. వంగమన్నాడు, వంగాడు. నడవమన్నాడు, నడిచాడు. ఆ తర్వాత మూలనున్న చెక్కపెట్టె చూపించి, "ఇది ఎత్తగలవా?" అన్నాడు.

గోదాముల వీధి మనిషిని అడక్కూడని ప్రశ్న అది. ఆ మాట చెవినపడితే అక్కడివాళ్ళకు జవాబు నోటినుంచి రాదు, ఛాతీలోంచి వస్తుంది. స్తంభం పెట్టె ఎత్తాడు. ఎత్తి ఊరుకోలేదు, గోడనున్న పై అరలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, "ఇంకేమైనా ఉన్నాయా సార్?" అని కూడా అడిగాడు.

"భేష్!" అన్నాడు డాక్టరు. ఆ భేష్ విని స్తంభానికి లోపల ఎక్కడో గర్వం కలిగిన మాట కూడా దాచకుండా చెప్పాలి.

ఆసుపత్రి మెట్లు దిగలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. 'పనికి సమర్థుడు, భృతి అవసరం లేదు' అని కొన్నాళ్ళకు ఇంటికి జవాబొచ్చింది.

"నిన్ను అడుక్కోమన్నానా? ఉన్నదున్నట్టు చెప్పమన్నాను!" అంది భార్య. "ఆ పెట్టె ఎవరికి చూపిద్దామని ఎత్తావయ్యా? ఆ డాక్టరు నీకు పిల్లనిస్తానన్నాడా?"

ఆమె తమ్ముడు కూడా మూటలు మోసేవాడే. గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నవాడు అందుకున్నాడు. "వాళ్ళదే తెలివితక్కువతనమక్కా. పనిలో పనిగా బీరువాలు కూడా జరిపించుకోవాల్సింది. బావ కాదనేవాడా?"

అక్క నవ్వలేదు. తమ్ముడు టీగ్లాసును రెండు చేతులా పట్టుకోవడం ఆమె చాలా రోజులుగా గమనిస్తూనే ఉంది. ఎడమ భుజం నుంచి వేళ్ళ దాకా వాడికి తిమ్మిరి. చలికి చేతులు కాచుకుంటున్నానంటాడు, మండుటెండలో కూడా.

అలాంటి రోజుల్లో శాసనసభ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఒళ్ళు అరిగే పనులు చేసినవాళ్ళకు మిగతావాళ్ళకంటే ముందే విశ్రాంతి పింఛను ఇవ్వాలనేది మొదటి మాట. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకే కాక, సగం సత్తువ పోయినవాళ్ళకూ భృతి ఇవ్వాలనేది రెండోది. ఇక మూడో మాటకు గోదాముల వీధి ఉలిక్కిపడింది. మనిషి ఒక్కసారి ఎత్తగలడా అని చూస్తే చాలదు, పొద్దస్తమానం, రోజూ ఎత్తగలడా అని చూడాలట. ఎవరో తమ నడుములోకి దూరి రాసినట్టుందే అనుకున్నారు జనం.

దాని మీద అభిప్రాయాలు వినడానికి శాసనసభ కమిటీ ఒకటి పురమందిరంలో సభ పెడుతోందని తెలియగానే వర్తకసంఘం మేలుకుంది. పింఛన్లు పెరిగితే ఆ నిధికి వ్యాపారులు కట్టే చందా కూడా పెరుగుతుంది మరి. వాళ్ళ తరఫున మేస్త్రీ స్వయంగా స్తంభం ఇంటికొచ్చాడు.

"అన్నా, నువ్వు ఒక్క ముక్క కూడా మాట్లాడక్కర్లేదు. మంచి చొక్కా వేసుకుని రా. మా సంఘం పెద్దాయన నిన్ను లేపి నిలబెడతాడు. ఎత్తగలవా అంటాడు. ఓ అను చాలు. ఈ వయసులో కూడా స్తంభంలా ఉన్నాడు, వీళ్ళకు పింఛనెందుకని ఆయన మాట్లాడుకుంటాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత గేటు కాపలా నీదే. నీడన కుర్చీ. వచ్చేపోయే లారీలు చూసుకోవడమే. నువ్వు చేయగలిగినన్నాళ్ళు. మాటంటే మాటే."

కుర్చీ! వరుసలో నిలబడే గొడవ లేదు, వేలుకోసం ఎదురుచూపు లేదు. మేస్త్రీ వెళ్ళిపోయాక స్తంభం భార్య వైపు చూశాడు. చెడామడా తిడుతుందనుకున్నాడు. ఆమె గోనెసంచి కుట్టుకుంటూనే ఉంది.

"ఏమంటావే?"

"ఏమనను? నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే చూడాలని నాకు మాత్రం లేదా?" దారం పళ్ళతో కొరికింది. "కానీ నువ్వక్కడ నిటారుగా నిలబడ్డావనుకో, రేపు మా తమ్ముడు భుజం పోయిందని వెళ్తే, 'ముసలాయనే ఎత్తుతున్నాడు, నీకేం రోగం' అంటారు. నువ్వు కూర్చునేది ఒక్క కుర్చీ. దానికోసం ఎంతమందిని కూర్చోనివ్వకుండా చేస్తావో చూసుకో. ఆపైన నీ ఇష్టం."

స్తంభం ఆ ఇష్టమేమిటో ఎవరికీ చెప్పకుండానే సభకు వెళ్ళాడు. చెప్పకపోవడానికి కారణం, అతనికే తెలియకపోవడం.

పురమందిరం కిక్కిరిసింది. వేదిక మీద సభాధ్యక్షురాలు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ముందువరసలో వర్తకసంఘం పెద్ద, మేస్త్రీ, మధ్యలో ఇస్త్రీ చొక్కాలో స్తంభం. వెనకెక్కడో మూటలవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కూర్చోవడం వాళ్ళకు అలవాటు లేదు.

వర్తకసంఘం పెద్ద మంచి మాటకారి. "అమ్మా, మా దగ్గర పనిచేసేవాళ్ళు ఉక్కు మనుషులు. శ్రమే వాళ్ళ ఆరోగ్యం. పింఛను పేరుతో వాళ్ళను సోమరులను చేయకండి. ఉదాహరణ కళ్ళముందే ఉంది" అంటూ స్తంభం భుజం తట్టి లేపాడు. "చూడండి ఈ నిలువు! ఏం పెద్దాయనా, ఇప్పటికీ మూట ఎత్తగలవా?"

అదే ప్రశ్న. స్తంభం ఛాతీ దానంతటదే పొంగింది. మెడ బిగిసింది. చప్పట్లు కొట్టడానికి మేస్త్రీ చేతులు దగ్గరికి తెచ్చుకున్నాడు.

స్తంభం తల తిప్పి వెనక్కి చూశాడు. గోడవారన బావమరిది కుడిచేత్తో ఎడమ భుజం ఒత్తుకుంటున్నాడు. బావ చూస్తున్నాడని గమనించి చటుక్కున చెయ్యి దించేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. వరుసలో మేస్త్రీని చూసి నవ్వే నవ్వే అది. వాడికి ఆ నవ్వు నేర్పింది ఎవరు? తనే.

స్తంభం ఛాతీలోని గాలి వదిలేశాడు. భుజాలు జారాయి. వెన్ను తన అసలు వంపుకు వచ్చింది. సభ చూస్తుండగానే మనిషి బెత్తెడు పొట్టివాడయ్యాడు.

"ఎత్తలేను" అన్నాడు.

వర్తకసంఘం పెద్ద ఇబ్బందిగా నవ్వాడు. "చూశారా, ఎంత వినయమో!"

"వినయం కాదయ్యా, నడుము."

హాలంతా గొల్లున నవ్వింది. "ఏంటన్నా ఇది?" అని మేస్త్రీ చొక్కా పట్టుకు లాగాడు. స్తంభం ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

వేదిక మీది సభ్యుడొకాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పెద్దాయనా, మా సందేహం ఒకటే. భృతి ఇస్తామంటే లేని నొప్పి నటించేవాళ్ళు బయల్దేరరా? మీరే చెప్పండి."

స్తంభం ఆయన వైపు తిరిగాడు. మాట్లాడటం అలవాటు లేని నోరు. ఒకసారి తెరుచుకున్నాక మాత్రం ఆగలేదు.

"నటనంటారా సార్? నటనలో మమ్మల్ని మించినవాళ్ళు మీకు దొరకరు. మీసాలు రాకముందు మొదలుపెట్టాను. నొప్పి ఉన్నట్టు కాదు, లేనట్టు! రోజూ పొద్దున్నే, గేటు ముందర. నా నటనకు ఇదిగో, ఈ మేస్త్రీ పడిపోయాడు. ఈ పెద్దాయన పడిపోయాడు. మీ డాక్టరూ పడిపోయాడు. ఆయన ముందు పెట్టె ఎత్తానని మీ కాగితాల్లో ఉంటుంది. ఎత్తాను, నిజమే. ఆ తర్వాత మంచం మీంచి నన్ను ఎవరెత్తారో మీ కాగితాల్లో లేదు. మా ఆవిణ్ణి అడగండి.

"మేం నటించినన్నాళ్ళూ మీకు ఏ సందేహమూ రాలేదేం? ఆ నటన మీకు లాభం కాబట్టి! గోదాములో తూకం మిషను అరిగితే బాగుచేయిస్తారు. లారీ టైరు అరిగితే మారుస్తారు. మనిషి అరిగితే మాత్రం వేలు పక్కవాడి వైపు తిరుగుతుంది. మమ్మల్ని సోమరులన్నారు ఈయన. ఈ ఊళ్ళో మీరు తినే ప్రతి గింజా ఎవరో ఒకరి వీపు మీంచే వచ్చింది. మీరు అరిగించుకున్నారు, మేం అరిగిపోయాం. ఇది బిచ్చం కాదు సార్. మా ఒంట్లోంచి పోయింది మాకివ్వండి. అది తిరిగి రాదు కనక, దాని బదులు పింఛనివ్వండి."

చప్పట్లు లేవు. వెనకనుంచి బావమరిది గొంతు లేచింది. "అమ్మా, నేనూ ఎత్తలేను. ఈ చెయ్యి నాది కాదు, అద్దెకు తెచ్చుకున్నట్టుంటుంది!" ఎవరో నవ్వారు గానీ ఆ నవ్వు మధ్యలోనే తెగింది. పక్కవాడు "నా మోకాళ్ళు" అన్నాడు. దగ్గు ఉన్నవాడు అణచుకోవడం మానేసి, సభ నడుమ, తనివితీరా దగ్గాడు. గోడ వెంబడి ఒక్కొక్కడే "ఎత్తలేను, ఎత్తలేను" అంటుంటే, ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడ్డవాళ్ళు ఒకరి సంగతి ఒకరు అప్పుడే విని నివ్వెరపోయారు. ప్రతివాడూ అరిగింది తానొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

సభాధ్యక్షురాలు అందరి మాటా వింది. "రాసుకున్నాం. శాసనసభకు పంపిస్తాం" అంది.

"పంపించండమ్మా. మళ్ళీ రమ్మంటే వస్తాం. రమ్మనకపోయినా వస్తాం" అన్నాడు స్తంభం.

గుమ్మం దగ్గర మేస్త్రీ అడ్డం వచ్చాడు. "కుర్చీ పోగొట్టుకున్నావు కదన్నా. రేపటినుంచి గేటు ముందుకు కూడా రాకు."

"కుర్చీ నువ్వే ఉంచుకో తమ్ముడూ. నీకూ ఒక నడుముంది."

మేస్త్రీ చెయ్యి తెలియకుండానే తన నడుము మీదికి పోయింది. అతనూ ఒకప్పుడు మూటలు మోసినవాడే.

బయట భార్య ఎదురొచ్చి భుజం అందించింది. నలుగురిలో ఎన్నడూ ఆమె మీద చెయ్యి వేయని మనిషి, ఆ పట్టపగలు వేశాడు. ఇద్దరూ వీధి మధ్యలోంచే నడిచారు.

"అందరూ చూస్తున్నారే" అన్నాడు గొణుగుతూ.

"చూడనీ. ఇన్నాళ్ళూ చూడనివ్వకపోవడమే మన తప్పు."

పాఠకులారా, ఆ ప్రతిపాదన ఇంకా ఓటుకు రాలేదు. ఖజానాకు భారమని పెద్దలు ఇప్పటికీ నిట్టూరుస్తూనే ఉన్నారు. భారమంటే ఏమిటో స్తంభాన్ని అడగమనండి, చెబుతాడు. ఒక మనిషి సత్తువనంతా వాడుకున్న సమాజం ఆ మనిషి అరిగిపోయాక పోషించి తీరాలి. అది దయ కాదు, హక్కు. హక్కు అడిగేవాడు ఎవరి ముందూ ఛాతీ పొంగించి చూపించనక్కర్లేదు, తల కూడా వంచనక్కర్లేదు.